తూర్పు జర్మనీ ఒప్పంద కార్మికులు: సంఘీభావమా, కూలికి పంపడమా?

ప్రశ్న:
1989 చివరికి తూర్పు జర్మనీలో 90 వేలకు పైగా విదేశీ ఒప్పంద కార్మికులు ఉన్నారు. వారిలో దాదాపు 60 వేల మంది వియత్నాం వారు, సుమారు 15 వేల మంది మొజాంబిక్ వారు. మిగిలినవారు క్యూబా, అంగోలా, పోలండ్ వంటి దేశాల నుంచి వచ్చారు. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పుస్తకాలు కొనుక్కుని చదివిన నా తరానికి సోషలిస్టు దేశమనగానే వలస కూలీ గుర్తుకు రాడు. ఈ ఏర్పాటును పేద దేశాలకు అందిన సహాయంగా చూడాలా, లేక పశ్చిమ జర్మనీ చేసిన పనే మరో పేరుతో ఇక్కడా జరిగిందనుకోవాలా?

మొదటి స్పందన:
రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని మనుషులను రప్పించుకుంది. 1973లో చమురు సంక్షోభం రాగానే నియామకాలు ఆపేసింది. తూర్పు జర్మనీలో విదేశీ కార్మికునికి చట్టప్రకారం స్థానికునితో సమానమైన జీతం, ఇంటికి దూరంగా ఉన్నందుకు రోజుకు 4 మార్కుల భత్యం, ఉచిత వైద్యం ఉండేవి. మొజాంబిక్ ఆనాడు అంతర్యుద్ధంలో కాలిపోతోంది. అక్కడి యువకులకు పని నేర్చుకునే అవకాశం ఇంకెవరిచ్చారు? తిరిగి వెళ్లినవారు ఇప్పటికీ ఆ దేశ రాజధాని మపూటో వీధుల్లో తూర్పు జర్మనీ జెండా పట్టుకుని నడుస్తున్నారంటే, తూర్పు జర్మనీ మీద వారికి మిగిలిన అభిమానాన్ని మనం కాదనలేము.

రెండవ స్పందన:
జెండా సంగతి మీరే ఎత్తారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. వారు బుధవారాల్లో ఊరేగింపు తీసేది తమకు రావలసిన జీతం కోసం. 1979 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం కింద వెళ్లిన మొజాంబిక్ కార్మికుల జీతంలో 350 మార్కులు దాటిన భాగం నుంచి మొదట 25 శాతం, 1980ల రెండో సగంలో 60 శాతం దాకా మినహాయించారు. ఆ సొమ్ము స్వదేశంలో తమ పేర జమ అవుతుందని వారు నమ్మారు. ఎందుకంటే వారికి అలాగే చెప్పారు. ఆ మార్కులు మపూటో చేరలేదు. మొజాంబిక్ ప్రభుత్వం తూర్పు జర్మనీకి పడ్డ అప్పులో వాటిని చెల్లు వేసుకున్నారు. రెండు ప్రభుత్వాల స్నేహానికి అయిన ఖర్చును, సంతకం చేయని మూడో మనిషి జీతంలోంచి తీసుకున్నారన్నదే నా అభ్యంతరమంతా. వియత్నాం వారి జీతంలోనూ 12 శాతం మాతృభూమి నిర్మాణం, రక్షణ పేరిట కోతపడేది.

సమాన జీతమన్నది నిజమే, కానీ పశ్చిమ జర్మనీలోనూ కార్మిక ఒప్పందాలు కాగితం మీద అదే చెప్పాయి. తేడా మరోచోట ఉంది. 1973లో కొలోన్ ఫోర్డ్ కర్మాగారంలో సమ్మె చేసిన టర్కీ కార్మికులు ఓడిపోయారు, కొందరు ఉద్యోగాలూ పోగొట్టుకున్నారు; అయినా అక్కడి వలస కార్మికులు కుటుంబాలను తెచ్చుకుని నిలదొక్కుకోగలిగారు. తూర్పున కుటుంబాన్ని రప్పించుకునే దారే లేదు. స్వతంత్ర సంఘం లేదు, సమ్మెకు ముందు నిలిచినవారిని విమానమెక్కించి పంపేసేవారు. వసతి గృహంలో మనిషికి 5 చదరపు మీటర్ల చోటు, స్త్రీ పురుషులకు వేర్వేరు ఏర్పాట్లు, వచ్చేపోయేవారి మీద నిఘా ఉండేవి. గర్భవతి అయిన వియత్నాం స్త్రీ గర్భస్రావమైనా చేయించుకోవాలి, స్వదేశానికైనా వెళ్లాలి. ఈ నిబంధన 1989 దాకా సడలలేదు. స్త్రీ విముక్తిని తన ఘనతగా చెప్పుకున్న రాజ్యం ఈ నియమం పెట్టిందన్నది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

శిక్షణ మాటా చూద్దాం. మొదటి ఒప్పందాల్లో అది గట్టిగానే ఉంది. 1980లలో పరిశ్రమలకు మనుషులు చాలక, స్థానికులు ఇష్టపడని మూడు షిఫ్టుల నూలు మిల్లుల్లోకి, బొగ్గు గనుల్లోకి, కబేళాల్లోకి వీరిని పంపడం మొదలయ్యాక, నేర్చుకోవడం వెనకబడి ఉత్పత్తి లెక్క ముందుకొచ్చింది. తానూ కార్మికులను పంపిన అల్జీరియా 1984లో తన ఒప్పందాన్ని ముగించుకుంది.

మొదటి స్పందన రాసినవారు:
గర్భవతుల నిబంధనను నేను సమర్థించను, సమర్థించలేను. జీతం కోత విషయంలో మాత్రం మపూటో ప్రభుత్వాన్ని వదిలిపెట్టి బెర్లిన్‌ను మాత్రమే నిందించడం సరికాదు. తన పౌరుల కష్టాన్ని అప్పుకు జమ కట్టుకోవడానికి ఒప్పుకున్నది అదే కదా. ఇంకొక మాట. 1990లో కంపెనీలు చేతులెత్తేసినప్పుడు 3,000 మార్కులు చేతిలో పెట్టి పంపేసింది కొత్త వ్యవస్థ. 1991 సెప్టెంబరులో పాత తూర్పు జర్మనీలోని హోయర్స్‌వెర్డా పట్టణంలో ఈ కార్మికుల వసతి గృహం మీద రాళ్లు పడ్డాయి, 1992 ఆగస్టులో అక్కడిదే అయిన రోస్టాక్ నగరంలో వియత్నాం వారున్న భవనానికి నిప్పు పెట్టారు. అవి సోషలిజం పోయాక జరిగాయి.

రెండవ స్పందన రాసినవారు:
మపూటో బాధ్యత గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. ఆ ప్రభుత్వం తరువాత కొంత చెల్లించినా, అది చాలదనే ఊరేగింపులు ఆగలేదు. హోయర్స్‌వెర్డా విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. రాళ్లు వేసినవారు, చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టిన ఇరుగుపొరుగువారు ఒక్క ఏడాదిలో పుట్టుకొచ్చినవారు కారు. పదేళ్లపాటు ఒకే ఊళ్లో ఉన్నా ఆ కార్మికులను ప్రత్యేక గృహాల్లో విడిగా ఉంచి, వారెందుకు వచ్చారో, ఏ షరతుల మీద వచ్చారో స్థానికులకు చెప్పని పద్ధతి కూడా ఆ రాత్రులకు దారి వేసింది. అక్కడే ఉండిపోయిన వియత్నాం వారికి నిలకడైన నివాస హక్కు దక్కడానికి మరికొన్నేళ్లు పట్టింది. మపూటోలో నడిచేవారిలో చాలామంది ఇరవయ్యేళ్ల వయసులో వెళ్లినవారు. ఇప్పుడు వారికి అరవై దాటుతోంది.