అప్‌డేట్: మార్కస్ ఆరీలియస్ గుర్రం ఎలా మిగిలింది?

రోమన్ చక్రవర్తుల కంచు గుర్రపు విగ్రహాలు దాదాపు అన్నిటినీ కరిగించేస్తే, రోమ్‌లోని మార్కస్ ఆరీలియస్‌ది ఎలా మిగిలిందని అడిగాను కదా. మీరు చెప్పిన దారిలో చదివాను. మధ్యయుగంలో జనం ఆయన్ని క్రైస్తవాన్ని ఆదరించిన కాన్‌స్టంటైన్ అనుకున్నారట, అందుకే ఎవరూ ముట్టుకోలేదు. అదృష్టమంటే ఇదీ!

నాకు బాగా నచ్చింది మాత్రం తర్వాతి కథ. 1453లో ఇటలీలోని పాడువాలో శిల్పి దొనతెల్లో నిలబెట్టిన గట్టమెలాటా గుర్రపు విగ్రహం ఫొటోని మార్కస్ విగ్రహం ఫొటో పక్కన పెట్టి చూశాను. అదే ఠీవి, తలపై శిరస్త్రాణం లేదు, గుర్రం ముందుకాలు పైకి లేచే ఉంది. కాకపోతే దొనతెల్లో ఆ కాలి కింద ఒక గుండ్రని బంతి పెట్టాడు, బరువు ఆగడానికి కాబోలు. పైగా గట్టమెలాటా చక్రవర్తి కాదు, కిరాయి సేనాని! ఇక మార్కస్ విగ్రహాన్ని 1538లో రోమ్‌లోనే ఉన్న కాపిటోలిన్ కొండపైకి మార్చారు. ఇప్పుడు అక్కడి చౌకులో ఉన్నది నకలు, అసలుది పక్క మ్యూజియంలో ఉంది.