ఫుట్‌బాల్ ‘మేనేజర్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. టునీషియా ఫుట్‌బాల్ ఆటగాడు నబిల్ మాలూల్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఎస్పెరాన్స్ క్లబ్బుకీ, జర్మనీలో హానోవర్ 96కీ, సొంత దేశానికీ మిడ్‌ఫీల్డర్‌గా ఆడి, ఆ తర్వాత జట్లను నడిపించినాయన. ‘మిడ్‌ఫీల్డర్’తో పేచీ లేదు, అందరికీ తెలిసిన మాటే. ‘మేనేజర్’ దగ్గరే కలం ఆగిపోయింది. మేనేజర్, కోచ్, శిక్షకుడు: వీటిలో ఏది రాయమంటారు?

జవాబు:
కోచ్ అని రాయండి. మనకి ఆటల మాటలు చాలావరకు క్రికెట్ నుంచి అలవాటయ్యాయి. క్రికెట్ జట్టు మేనేజరంటే ప్రయాణాలు, బసలు, బోర్డుతో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసుకునే అధికారి. ఎవరిని ఆడించాలి, ఎలా ఆడించాలి అన్నది ఆయన పని కాదు. ‘2011లో మాలూల్ మేనేజర్‌గా ఉండగా ఎస్పెరాన్స్ ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది’ అని రాశారనుకోండి, ఆయనెవరో టికెట్లు బుక్ చేసే పెద్దమనిషి అనుకుంటారు చదివేవాళ్ళు. అది అన్యాయం. ఆ ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా జరిగింది. కాసాబ్లాంకాలో మొరాకో క్లబ్బు వైదాద్‌ని 0-0తో నిలువరించి, సొంతగడ్డ రాడెస్‌లో 1-0తో గెలిచారు. ఆ ఎత్తుగడ కోచ్‌ది.

హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన ఫుట్‌బాల్ జట్టుకి 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిపెట్టారు. ఆయన్ని కోచ్ అనే కదా చెప్పుకుంటాం. ‘శిక్షకుడు’ తప్పేమీ కాదుగానీ, ఆ మాట వింటే నాకు పొద్దున్నే విజిలేసి పరిగెత్తించే మనిషే కళ్ళముందు కనిపిస్తాడు.

మరొకరి జవాబు:
మాస్టారూ, ఒక్క మాట. ఇంగ్లండ్ క్లబ్బుల సంగతి వేరు. 1986 నుంచి 2013 దాకా మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న ఫెర్గూసన్ ఆటగాళ్ళ కొనుగోళ్ళలోనూ మాట చెల్లించుకున్న మనిషి. ఆయన్ని ఉట్టి కోచ్ అంటే ఏదో తగ్గినట్టుండదూ?

జవాబు:
నిజమే. ఫెర్గూసన్ దగ్గర మేనేజర్ అనే ఉంచుదాం. మాలూల్ కథ టునీషియాది, అక్కడి మాట అక్కడే వెతకాలి. అరబిక్‌లో కోచ్‌ని ముదర్రిబ్ అంటారు, తర్ఫీదు ఇచ్చేవాడని. అక్కడి ఫ్రెంచ్ పత్రికలు మాత్రం జాతీయ జట్టు కోచ్‌కి ఇంకో మాట వాడతాయి: సెలెక్షనేర్. ఎంపిక చేసేవాడన్నమాట. మన క్రికెట్‌లో ఆ పని సెలెక్టర్లది. అక్కడ రెండూ ఒకరి నెత్తినే ఉంటాయి.

మాలూల్ విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2017లో రెండోసారి జాతీయ జట్టు పగ్గాలు పట్టి, 2006 తర్వాత మళ్ళీ దేశాన్ని ప్రపంచకప్‌కి (2018) చేర్చారు. టోర్నీకి రెండు నెలల ముందు స్టార్ ఆటగాడు యూసెఫ్ మ్సాక్ని మోకాలి గాయంతో దూరమయ్యాడు. ఇంకోవైపు ఫ్రాన్సులో పుట్టి పెరిగిన టునీషియా సంతతి కుర్రాళ్ళు స్ఖిరి, బ్రాన్, గోల్‌కీపర్ మూఎజ్ హసన్ లాంటివాళ్ళు జట్టులోకి వచ్చారు. వాళ్ళని ఒప్పించి తెచ్చుకోవడం కూడా కోచింగే అంటే మన పాఠకుడికి కొత్తగా ఉంటుంది. అందుకే కోచ్ అని రాసి, ఎంపిక కూడా ఆయనదేనని ఒక్క వాక్యం చేర్చండి.

ఆ హసన్ గురించి తప్పకుండా రాయండి. అది రంజాన్ మాసం. పోర్చుగల్‌తో, టర్కీతో సన్నాహక మ్యాచ్‌ల్లో సరిగ్గా ఉపవాసం విడిచే వేళకి గాయమైనట్టు పడుకున్నాడు. ఆట ఆగింది. మిగతావాళ్ళు గీత దగ్గరికి పరిగెత్తి ఖర్జూరాలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. రెండు మ్యాచ్‌లూ 2-2. తీరా ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద ఆడుతూ మొదట్లోనే అతనికి భుజం నిజంగానే దెబ్బతింది, బయటికి వెళ్ళిపోయాడు.

ఆ మ్యాచ్ 2-1తో, బెల్జియంతో 5-2తో ఓడారు. పనామా మీద 2-1తో గెలిచారు. 1978లో మెక్సికోని ఓడించాక, మళ్ళీ 40 ఏళ్ళకి ప్రపంచకప్‌లో టునీషియాకి దక్కిన గెలుపు అది.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం మాస్టారూ. ఇంకొక్క సందేహం. మాలూల్ మొదటిసారి జాతీయ జట్టు కోచ్‌గా ఉన్నప్పుడు, 2013 సెప్టెంబరులో ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో కేప్ వెర్డె చేతిలో 2-0తో ఓడాక ఆయన పదవి వదిలేశారు. దానికి ‘తొలగించారు’ అన్న మాట సరిపోతుందా?

జవాబు:
వద్దు. ఆయనే రాజీనామా చేశారు, ‘తప్పుకున్నారు’ అనండి. ఆ తర్వాత కొద్ది రోజులకే, అర్హత లేని ఆటగాణ్ణి ఆడించారని కేప్ వెర్డె గెలుపుని ఫిఫా రద్దు చేసింది. టునీషియా ప్లేఆఫ్‌కి వెళ్ళింది, అప్పటికి కోచ్ కుర్చీలో రూడ్ క్రోల్ ఉన్నారు. ఉద్యోగం తీసేశారని రాస్తే ఈ కథలో ఉన్న బాధంతా పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇలా రాస్తున్నాను: ‘ఓటమి బాధ్యత తనదేనని కోచ్ మాలూల్ తప్పుకున్నారు. కొద్ది రోజులకే ఆ ఓటమి చెల్లకుండా పోయింది.’