కాశీనాథుని వాళ్లంతా ఒకే కుటుంబమా? అమృతాంజనం, కె.విశ్వనాథ్ డౌటు

బాల్కనీటికెట్:
కె.విశ్వనాథ్ గారి పేర్లో కె అంటే కాశీనాథుని అని ఈమధ్యే తెలిసింది. అమృతాంజనం పెట్టిన నాగేశ్వరరావు పంతులు గారూ కాశీనాథుని వారే కదా, మరి ఇద్దరూ చుట్టాలా? ఇంకోటి, ఇప్పుడు కంపెనీ ఎండీ గారి పేరు ముందు ఎస్ ఉంటుంది, కె ఉండాలి కదా, మధ్యలో ఎవరికైనా అమ్మేశారా ఏంటి?

పాతపేపర్లు:
అమ్మలేదండీ బాబూ, అల్లుడి చేతికెళ్లింది. పంతులు గారిది కృష్ణా జిల్లా ఎలకుర్రు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలెట్టారు, సంగీత కచేరీలకి వచ్చిన జనానికి ఫ్రీగా పంచి అలవాటు చేశారని చెప్తారు, ఆ తలనొప్పి మందు డబ్బులతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వీక్లీ పెట్టారు, తర్వాత మద్రాసొచ్చి 1914లో డైలీ చేశారు, 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక. పాత సంచికలు దొరికితే తిరగేయండి, నేను చూసినవాటిల్లో అమృతాంజనం యాడ్ ఎక్కడో చోట తగులుతూనే ఉంటుంది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక అంటామే, ఆ శ్రీబాగ్ కూడా ఆయన ఇల్లే. 1938లో పంతులు గారు పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికలూ కంపెనీ రెండూ చూసుకున్నారు. మీ ఎస్ అంటే శివలెంక. ఇప్పటి ఎండీ గారి పేరు కూడా శంభుప్రసాదే, దాంతో పాతాయన్నీ కొత్తాయన్నీ కలిపేసి రాసేస్తుంటారు జనాలు.

రేపల్లెబస్సు:
విశ్వనాథ్ గారు మా రేపల్లెలో పుట్టారు, 1930లో. ఇంటిపేరు కలిసింది కదా అని చుట్టరికం కట్టేస్తే ఎలా, పెళ్లి సంబంధాల దగ్గర కూడా ముందు గోత్రం అడుగుతారు. ఆయన అసలు చుట్టాలెవరో చూడండి, చంద్రమోహన్ గారి ఇంటిపేరు మల్లంపల్లి, బాలు గారిది శ్రీపతి పండితారాధ్యుల, ఒక్కటీ కలవదు, కానీ ముగ్గురూ బంధువులే. అక్కచెల్లెళ్లూ కూతుళ్ల వైపు నుంచొచ్చే చుట్టరికం ఇంటిపేర్లో ఎక్కడ కనపడుతుంది? అమృతాంజనం సంగతీ అంతే కదా, కూతురి వైపు వెళ్లేసరికి కె కాస్తా ఎస్ అయింది.

బందరులడ్డు:
పింగళి వారి గురించి కూడా ఇలాంటి వాట్సాప్ ఫార్వర్డే ఒకటి తిరుగుతోంది, జెండా వెంకయ్య గారు, మాయాబజార్ మాటలు పాటలు రాసిన నాగేంద్రరావు గారు, కాటూరి వెంకటేశ్వరరావు గారితో కలిసి జంటగా కవిత్వం రాసిన లక్ష్మీకాంతం గారు, అందర్నీ తీసుకెళ్లి ఒకే తాతకి మనవళ్లని చేసేశారు. వెంకయ్య గారు పుట్టింది మా బందరు దగ్గర భట్లపెనుమర్రు, నాగేంద్రరావు గారు పుట్టింది ఎక్కడో రాజాం. ఇంకా నయం, కళాపూర్ణోదయం రాసిన పింగళి సూరన గారిని వదిలేశారు, ఆయనది 16వ శతాబ్దం కాబట్టి బతికిపోయారు.

బాల్కనీటికెట్:
సూపర్ సార్ అందరికీ థాంక్స్. అయితే ఆదిత్య 369 నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారు కూడా అమృతాంజనం ఫ్యామిలీయే అన్నమాట?

రేపల్లెబస్సు:
ఇంతసేపు చెప్పింది ఏం విన్నారు స్వామీ 😀 ఆయన చంద్రమోహన్ గారి మేనల్లుడు.