ర్యాలీ కారుకి నంబర్ ప్లేట్ ఉంది, సిగ్నల్ దగ్గర ఆగుతుంది. మరి మనకెందుకు అమ్మరు?

టాంపెరె_తెలుగబ్బాయి

అందరికీ నమస్తే. నేను ఫిన్లాండ్ వచ్చి రెండేళ్లయింది, టాంపెరెలో ఉంటున్నా. ఈ ఎండాకాలం మొదటిసారి యువాస్కులా వెళ్లి ర్యాలీ చూశాను. అడవిలో ఔనిన్‌పొహ్యా స్టేజికి (స్టేజి అంటే మామూలు రోడ్డుని మూసేసి కార్లని టైము మీద పరుగెత్తించే ముక్క) తెల్లవారకముందే బయల్దేరి వెళ్లి, ఒక ఎత్తుపల్లం దగ్గర తాడు వెనకాల నిలబడ్డాం. కారు కనపడకముందే చెట్ల మధ్య నుంచి మోత వస్తుంది, ఆ తర్వాత ఒక్క క్షణం నాలుగు చక్రాలూ గాల్లో ఉంటాయి, ధబ్బున కంకర మీద పడుతుంది, దుమ్ము లేస్తుంది, అంతే, మళ్లీ అడవి నిశ్శబ్దం. ఇంటికొచ్చి రెండు రోజులైనా ఆ చప్పుడు చెవుల్లోనే ఉంది.

అసలు సంగతి తిరిగొచ్చేటప్పుడు జరిగింది. ఊళ్లో సిగ్నల్ దగ్గర మా బస్సు ఆగితే పక్క లేన్‌లోకి ఒక టయోటా యారిస్ వచ్చి ఆగింది, పొద్దున అడవిలో చూసిన కార్లలో ఒకటి. ముందు నంబర్ ప్లేట్ ఉంది. తలుపు కింద అంచంతా రాళ్ల దెబ్బలకి రంగు లేచిపోయింది, చక్రాల దగ్గర నుంచి కాలిన వాసన వస్తోంది. పచ్చ లైటు పడగానే ఇండికేటర్ వేసుకుని మామూలు కారులా కుడికి తిరిగి వెళ్లిపోయింది.

రోడ్డు మీద తిరగడానికి చట్టం ఒప్పుకుంటున్నప్పుడు దాన్నే షోరూమ్‌లో ఎందుకు పెట్టరు? విజయవాడలో మా నాన్నగారికి ఐ20 ఉంది, హ్యుందాయ్ ర్యాలీకి తెచ్చేది కూడా ఐ20 అనే అంటారు, కానీ ఆ రెండిటికీ పోలికే లేదు. తొంభైల్లో సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవో లాంటివి డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్లట కదా. ఇప్పుడేమైంది?

పాత_లాన్సర్

తమ్ముడూ, మంచి ప్రశ్న, కాస్త ఓపిగ్గా చదువు. ముందు ఆ నంబర్ ప్లేట్ సంగతి. ర్యాలీ అంటే స్టేజి తర్వాత స్టేజి, మధ్యలో మామూలు జనం తిరిగే రోడ్డు. ఆ రోడ్డు మీద అందరిలాగే నియమాలు పాటించాలి కాబట్టి ఒక్కో కారునీ విడిగా రిజిస్టర్ చేస్తారు. ఒక కారుని అలా రిజిస్టర్ చేయించడం వేరు, వేల కార్లు అమ్ముకోవడానికి ఆ మోడల్‌కి అనుమతి తెచ్చుకోవడం వేరు.

ఇక రెండోది. కంపెనీలు ఆ పాత కార్లని మన మీద ప్రేమతో చెయ్యలేదు, రూలు పెట్టారు కాబట్టి చేశాయి. దాన్ని హోమోలోగేషన్ అంటారు. ఏ కారుతో పోటీకి వస్తావో ఆ కారుని ఇన్ని తయారు చేసి చూపించు, అప్పుడే రానిస్తాం అని మోటారు పందాల ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ లెక్క పెట్టేది. 1982లో వచ్చిన గ్రూప్ బి అనే ర్యాలీ కార్ల తరగతికి ఆ లెక్క 200. ఒక పెద్ద కంపెనీకి 200 కార్లంటే ఎంత? నష్టానికి అమ్మినా అది పోటీలో దిగడానికి కట్టిన ఫీజు అనుకోవచ్చు. అందుకే ఆ రోజుల్లో ఎవరికి తోచింది వాళ్లు చేశారు. పెజో 205 టర్బో 16 చూడ్డానికి మామూలు 205 లాగే ఉంటుంది, కానీ తలుపు తీస్తే సీట్ల వెనకాల ఇంజిన్, నాలుగు చక్రాలకీ పవర్. లాన్సియా డెల్టా ఎస్4లో 1.8 లీటర్ల ఇంజిన్‌కి సూపర్‌చార్జరూ టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టేవి) రెండూ పెట్టారు, రోడ్డు కారుకి 250 హార్స్‌పవర్, ర్యాలీ కారుకి దాదాపు దానికి రెట్టింపు. ఆడి అయితే క్వాట్రో పొడవుని 32 సెంటీమీటర్లు కోసేసి స్పోర్ట్ క్వాట్రో చేసింది, మొత్తం రెండొందల పైచిలుకు.

1986లో అంతా తలకిందులైంది. మార్చిలో పోర్చుగల్‌లో ఒక ఫోర్డ్ ఆర్‌ఎస్200 జనంలోకి దూసుకెళ్లి ప్రేక్షకులు చనిపోయారు, మే నెలలో కార్సికాలో డ్రైవర్ హెన్రి తొయివొనెన్, ఆయన పక్కన కూర్చున్న సెర్జియో క్రెస్టో లోయలో పడి కాలిపోయారు. ఆ ఏడాదితో గ్రూప్ బి ముగిసింది.

1987 నుంచి గ్రూప్ ఎ. లెక్క ఏడాదికి 5,000 అయింది, తర్వాత దాన్ని 2,500కి తగ్గించారు. నువ్వు చెప్పే కార్లన్నీ ఇక్కడ పుట్టినవే. ఎందుకంటే 200 కార్లని ఎలాగోలా వదిలించుకోవచ్చు గానీ 5,000 కార్లు అమ్మాలంటే కొన్నవాడు దాంట్లో పిల్లల్ని బడికి దింపగలగాలి, కూరగాయల సంచీ పెట్టుకోగలగాలి. అందుకే నాలుగు తలుపుల లాన్సర్‌కీ ఇంప్రెజాకీ టర్బో పెట్టి, నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చారు. లాన్సియా డెల్టా 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరుసార్లు తయారీదారుల టైటిల్ కొట్టింది. మొదటి ఎవో 1992లో వస్తే 2,500 కార్లు జపాన్‌లో మూడు రోజుల్లో అయిపోయాయట, మళ్లీ అన్ని చేశారు.

1997లో ఆ ముడి తెగింది. వరల్డ్ ర్యాలీ కార్ అని కొత్త రూలు పెట్టారు. ఏడాదికి 25,000 అమ్ముడయ్యే మామూలు మోడల్ ఉంటే చాలు, టర్బో, నాలుగు చక్రాలకి పవర్, వెడల్పు చక్రాలు, ఇవన్నీ ర్యాలీ కారుకి మాత్రమే కలుపుకోవచ్చు, రోడ్డు కారుకి అక్కర్లేదు. ఫ్రెంచ్ డ్రైవర్ సెబాస్టియన్ లోబ్ వరసగా టైటిళ్లు కొట్టడం మొదలుపెట్టిన సిత్రోయెన్ క్సారా షోరూమ్‌లో ముందు చక్రాలతో నడిచే మామూలు కుటుంబపు కారు. పెజో 206 కథ ఇంకా బావుంటుంది. రూలు ప్రకారం కారు నాలుగు మీటర్లుండాలి, 206 అంతకంటే పొట్టి. అందుకని పొడుగు బంపర్లు తగిలించి 206 జీటీ అని 4,000 కార్లు చేసి అమ్మారు. ర్యాలీ కోసం రోడ్డు మీదికి వచ్చింది ఆ బంపర్లే.

ఇప్పటి పై తరగతి ర్యాలీ1, అంటే నువ్వు గాల్లో చూసింది, ఇంకా దూరం పోయింది. 2022 నుంచి ఇనప గొట్టాలతో వెల్డింగ్ చేసిన చట్రం కట్టి, దాని మీద కారు ఆకారం తొడగొచ్చు. ఫోర్డ్ ప్యూమా ర్యాలీ కారుకీ బజార్లో దొరికే ప్యూమాకీ పేరూ, ముఖం పోలికా తప్ప పెద్దగా ఏమీ కలవదు. రోడ్డు వెర్షన్ చెయ్యాలంటే దేనికి వెర్షన్ చేస్తారు చెప్పు.

టాంపెరె_తెలుగబ్బాయి

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. అయితే ఒక్కటి అడుగుతా. రూలు లేకపోయినా, గిరాకీ ఉంటే అమ్ముకోవచ్చు కదా? 2,500 కార్లు మూడు రోజుల్లో పోయాయని మీరే అన్నారు.

లక్ష్మి_కాలిబ్రేషన్

దీనికి నేను చెప్తాను, నా ఉద్యోగం దీనికి దగ్గరగానే ఉంటుంది. చెన్నైలో ఇంజిన్ కాలిబ్రేషన్ (పొగ, పవర్ సరిగ్గా కుదిరేలా ఇంజిన్ సెట్టింగులు సరిచేసే పని) చేస్తాను, కంపెనీ పేరు వద్దులెండి.

గిరాకీ ఉంటే సరిపోదు. తయారు చేసే సంఖ్యకీ, అనుమతులకయ్యే ఖర్చుకీ పొత్తు కుదరాలి. ఇంజిన్ మారితే, దానితో గేర్‌బాక్స్ మారితే, బరువు మారితే మళ్లీ పొగ పరీక్షలు. రాత్రంతా చల్లటి గదిలో నిలబెట్టిన కారుని పొద్దున స్టార్ట్ చేసి మొదటి నిమిషాల్లో గొట్టంలోంచి ఏమేం వస్తోందో కొలుస్తాం. ఆ నిమిషాల్ని దారికి తేవడానికే మా టీమ్‌కి నెలలు పడుతుంది. దాని తర్వాత గోడకి గుద్దించే పరీక్షలు, చప్పుడు పరీక్ష, బ్రేకులు. ఈ ఖర్చు లక్ష కార్ల మీద పంచితే కొన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. రెండున్నర వేల కార్ల మీద పంచితే ధరలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ర్యాలీ కారులో ఉండేవాటిలో సగం ఈ పరీక్షల ముందు నిలవవు. ఉదాహరణకి యాంటీ-ల్యాగ్. డ్రైవర్ యాక్సిలరేటర్ వదిలినా టర్బో తిరుగుతూ ఉండాలని ఎగ్జాస్ట్‌లో ఇంధనం మండిస్తారు, మీరు విన్న ఆ టపటపలు అవే. ఇంధనం వృథా, వేడి భయంకరం. 1994లో వచ్చిన టయోటా సెలికా జీటీ-ఫోర్‌లో రూలు కోసం ఆ గొట్టాలన్నీ బిగించి, పనిచెయ్యకుండా ఆపేసి అమ్మారు. రోల్ కేజ్, అంటే కారు లోపల కట్టే ఇనప గొట్టాల పంజరం అయితే, లోపల ఉన్నవాడికి హెల్మెట్, బకెట్ సీటు, గట్టి బెల్టులు ఉంటేనే కాపాడుతుంది. హెల్మెట్ లేని తలకి అదే ఇనప గొట్టం ప్రమాదం.

యూరప్‌లో ఇంకొక మెలిక ఉంది. 2020లో ఒక్కో కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 95 గ్రాముల దగ్గర ఉండాలన్నారు. బరువుని బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది. దాటిన ప్రతి గ్రాముకి, అమ్మిన ప్రతి కారుకీ 95 యూరోలు జరిమానా. మన దగ్గర గుర్‌గావ్‌లో కూడా తయారయ్యే జిమ్నీ ఉంది చూడండి, దాన్ని యూరప్‌లో ఈ గొడవ వల్లే ప్యాసింజర్ కారుగా అమ్మడం ఆపి, వెనక సీట్లు తీసేసి సరుకుల బండిగా తెచ్చారు. ర్యాలీ తరహా కారు ఒక్కటి అమ్మితే మిగతా కార్లు దాని గ్రాముల్ని మొయ్యాలి. టయోటాకి హైబ్రిడ్‌లు బోలెడు కాబట్టి జీఆర్ యారిస్ లాంటి ర్యాలీ తరహా రోడ్డు కారు తేగలిగింది. ఆ వెసులుబాటు అందరికీ ఉండదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ 204 హార్స్‌పవర్‌తో యూరప్‌లో వచ్చింది, అదీ ముందు చక్రాలకే పవర్, అయినా 2024లో ఆపేశారు. మన దేశంలో అమ్మే ఐ20 ఎన్ లైన్‌లో ఉన్నది 1 లీటర్ టర్బో, 120 హార్స్‌పవర్.

మిడ్‌లాండ్స్_రవి

లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొక సంగతి కలుపుతాను. ఆ కారు ఇంటికి తెచ్చుకోవాలని అందరం అనుకుంటాం గానీ అందులో కూర్చుంటే అభిప్రాయం మారుతుంది.

ఇక్కడ వేల్స్ అడవుల్లో ఒక టెస్ట్ రోజున ఓ ర్యాలీ2 (ర్యాలీ1 కంటే ఒక మెట్టు కింది తరగతి) కారులో పక్క సీట్లో కూర్చునే అవకాశం వచ్చింది. మొదట గుర్తొచ్చేది గేర్‌బాక్స్ ఏడుపు. దాని పళ్లు నిటారుగా కోసి ఉంటాయి, బలం కోసం. మామూలు కార్లో పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మెత్తగా తిరుగుతాయి. హెడ్‌సెట్ లేకుండా పక్కన ఉన్న మనిషితో మాట్లాడలేం. కాళ్ల కింద రేకు మీద రాళ్లు వడగళ్లలా కొడుతూనే ఉంటాయి. కారు నిలబెట్టి మళ్లీ కదిలించేటప్పుడు అనుభవం ఉన్న డ్రైవర్ చేతిలోనే రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయింది. పావుగంట తర్వాత దిగితే చేతులు ఇంకా అదురుతున్నాయి. నేను జీవితంలో మర్చిపోలేని పావుగంట అది. అదే కారులో రోజూ ఆఫీసుకి వెళ్లమంటే వారం కూడా వెళ్లలేను.

ఫోర్డ్ ఎస్కార్ట్ ఆర్‌ఎస్ కాస్‌వర్త్ దీనికి మంచి ఉదాహరణ. రూలు కోసం చేసిన మొదటి 2,500 కార్లకి ర్యాలీలో పనికొచ్చే పెద్ద టర్బో పెట్టారు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి ఊపిరే అందదు, జోరుగా తిరగడం మొదలయ్యాక ఒక్కసారి విరుచుకుపడుతుంది. స్టేజి మీద అది వరం, ట్రాఫిక్‌లో ప్రాణాంతకం. హోమోలోగేషన్ పని అయిపోయాక ఫోర్డే చిన్న టర్బోకి మారింది, రోడ్డు మీద నడపడానికి ఆ రెండోదే హాయి. కానీ ఇవాళ వేలంలో ఎక్కువ డబ్బు పలికేది మొదటిదే.

సర్వీస్_పార్క్_కోవై

అందరూ ఖర్చు, రూలు అంటున్నారు, ఒప్పుకుంటా. కానీ కంపెనీల తప్పు కూడా ఉంది. నేను పదేళ్లుగా కోయంబత్తూరు ర్యాలీ సర్వీస్ పార్క్‌లో (స్టేజిల మధ్య కార్లు బాగుచేసే చోటు) టైర్లు మార్చిన వాణ్ణి. మన దగ్గర ఒకప్పుడు మిత్సుబిషి సీడియాలే ఎక్కువ పరుగెత్తేవి, ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ పోలోలు. షోరూమ్‌లో కొన్న కారునే కేజ్ కట్టించి తెచ్చేవాళ్లు, చూసే కుర్రాళ్లకి "మా ఇంట్లో ఉన్న కారే ఇది" అనిపించేది. ప్రపంచ ర్యాలీ ఆ బంధాన్ని తెంచేసింది. ఫోక్స్‌వ్యాగన్ 2013లో పోలో ఆర్ డబ్ల్యుఆర్‌సీ (వరల్డ్ ర్యాలీ కార్‌కి పొట్టి పేరు) పేరుతో 2,500 రోడ్డు కార్లు అమ్మింది, అందులో 2 లీటర్ల ఇంజిన్, పవర్ ముందు చక్రాలకే. ప్రపంచ ర్యాలీలో వాళ్ల డ్రైవర్ సెబాస్టియన్ ఓజియే నడిపిన పోలోది 1.6 లీటర్లు, నాలుగు చక్రాలకి పవర్. పేరు అమ్ముకున్నారు, కారు కాదు. అభిమానికి నిజంగా బాధ కలిగేది ఇక్కడే.

పాత_లాన్సర్

అన్నా, ఆ బాధ నాదీ. కాకపోతే ఒక మాట, నిజమైన ర్యాలీ కారు కొనాలంటే ఇప్పటికీ దొరుకుతుంది. స్కోడా ఫాబియా ర్యాలీ2 లాంటివి ప్రైవేటు టీములకి ఫ్యాక్టరీయే అమ్ముతుంది, రెండు లక్షల యూరోలు దాటుతుంది. రోజువారీ కారు ఒకరికి, పోటీ కారు ఇంకొకరికి అని బజారే రెండుగా చీలింది. పాతకాలంలో ఒకే కారుతో ఈ రెండు పనులూ చేయించేవాళ్లు, అందుకే అవి మనకి అంత ముద్దు. 2027 నుంచి వచ్చే రూల్లో కారు ఖర్చు 3,45,000 యూరోలు దాటకూడదన్నారు, పెద్ద కంపెనీ కాకపోయినా కారు కట్టి రావొచ్చన్నారు. పోటీకి మంచిదే. మన గ్యారేజీలోకి మాత్రం దాంతో ఏ కారూ రాదు.

తమ్ముడూ, నీకో పని చెప్తా. టాంపెరెలో టయోటా షోరూమ్‌కి వెళ్లి జీఆర్ యారిస్ ఉంటే చూడు. యూరప్‌లో మామూలు యారిస్‌కి ఐదు తలుపులు, దీనికి మూడే. ముందు సగం యారిస్‌ది, వెనక సగం కరోలా తరహా కార్ల ప్లాట్‌ఫామ్‌ది. జపాన్‌లోని మొటోమాచి ఫ్యాక్టరీలో మామూలు కన్వేయర్ బెల్టు లేకుండా విడిగా కడతారు. పైకప్పు వెనక్కి పోయేకొద్దీ బాగా కిందికి వాలుతుంది, వెనక సీట్లో మనిషికి తల తగులుతుంది. అలా ఎందుకు చేశారంటే ర్యాలీ కారు వెనక రెక్కకి గాలి బాగా తగలాలని. 2021లో దించాలని ఆ ర్యాలీ కారుని తయారు చేశారు కూడా, కోవిడ్ వచ్చి ఆపేశారు, అది ఒక్క ర్యాలీ కూడా పరుగెత్తలేదు. మరుసటి ఏడాదికి ర్యాలీ1 రూలు వచ్చేసింది. రోడ్డు కారు మాత్రం అదే వాలు పైకప్పుతో అమ్ముడవుతోంది.

టాంపెరె_తెలుగబ్బాయి

శనివారం వెళ్లాను అన్నా. తెల్లది ఒకటి ఉంది. అడిగితే సేల్స్ ఆయన తాళం తీసి కూర్చోమన్నారు. మీరు చెప్పినట్టే వెనక సీట్లో నా తల పైకప్పుకి ఆనింది. ఆ పైకప్పు కార్బన్‌ది అని ఆయనే వేలితో తట్టి చూపించారు, రేకు చప్పుడు రాలేదు, మొద్దుగా చెక్క మీద కొట్టినట్టుంది. నాన్నగారికి వీడియో కాల్ చేసి ఆ చప్పుడు వినిపించాను. మళ్లీ కొట్టు అన్నారు.