అప్‌డేట్: డాబా మీద భజనలకు తీసుకున్న బ్లూటూత్ స్పీకర్

డాబా మీద అమ్మ భజన బృందానికి ఏ బ్లూటూత్ స్పీకర్ సరిపోతుందని గత నెలలో అడిగాను. వాట్ల అంకె చూసి మోసపోవద్దని మీరిచ్చిన సలహా ప్రకారం విజయవాడ బీసెంట్ రోడ్డులో రెండింటిని విని, ఒకటి తీసుకున్నాను. దుకాణంలో నాలుగు గోడల మధ్య గంభీరంగా మోగిన బేస్ (మంద్ర ధ్వని) ఆరుబయట పలచబడింది, కానీ స్పీకర్‌ను పిట్టగోడ మూలకు చేర్చగానే చాలావరకు తిరిగి వచ్చింది. పెట్టె మీద 12 గంటలని రాసిన బ్యాటరీ, శబ్దం బాగా పెంచితే 5 గంటలకే (అమ్మ లెక్కలో రెండు భజనలకే) అయిపోతోంది. దాని నీటి రక్షణ స్థాయిని తెలిపే ఐపీఎక్స్7 గుర్తుకు అర్థం మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందనే తప్ప, అందులోని ఎక్స్ ధూళి విషయంలో ఏ హామీనీ ఇవ్వదని ఆలస్యంగా గ్రహించాను. ఫోను కింది అంతస్తులో ఉంటే స్లాబు అడ్డొచ్చి పాట తెగిపోతున్నందున, దాన్నీ పైకే తీసుకువెళుతున్నాం.