మొదటి ప్రాజెక్టుగానే వాల్వ్ ఆంప్ కిట్ కట్టొచ్చా, వద్దా?

ఆరోతీగ:
గిటార్ వాయిస్తాను. సోల్డరింగ్ కొంత వచ్చు. రెండు ఫజ్ పెడళ్లు (గిటార్ మోతను గరుకు చేసే చిన్న పెట్టెలు) కట్టాను, గిటార్ లోపలి వైరింగ్ నేనే మార్చుకున్నాను. ఇప్పుడు కళ్లు ఐదు వాట్ల వాల్వ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్) కిట్ మీద పడ్డాయి. ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్: మూడు వాల్వులు, సిగ్నల్ పెంచడానికి ఒక 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడపడానికి ఒక 6వీ6, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌గా 5వై3. ఉన్నది ఒక్కటే నాబ్, అది వాల్యూమ్. రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ కలిపి ఇరవై దాకా ఉంటాయంతే. తెలిసినవాళ్లలో సగంమంది ‘మొదలుపెట్టడానికి ఇంతకంటే తేలికైనది లేదు’ అంటున్నారు. మిగతావాళ్లు ‘ప్రాణం మీదికి తెచ్చుకోకు, మోడలింగ్ ఆంప్ (వాల్వు సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించేది) కొనుక్కో’ అంటున్నారు. కట్టమనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ కారణాలు చెప్పండి.

మీటర్‌ముల్లు:
వద్దు. పెడల్‌లో ఉండేది 9 వోల్టులు. ఇందులో మొదటి ఫిల్టర్ కెపాసిటర్ (డీసీని నిలకడగా ఉంచేది) దగ్గర 340 వోల్టుల డీసీ ఉంటుంది. పెడల్‌లో తప్పు జరిగితే ట్రాన్సిస్టర్ పోతుంది, ఇక్కడ మనిషే పోవచ్చు. పైగా ప్లగ్ పీకినంత మాత్రాన ఆ వోల్టేజి పోదు. మామూలుగా స్విచ్ ఆపాక కూడా కాసేపు వేడిగా ఉండే వాల్వులే ఆ ఛార్జిని లాగేస్తాయి. కానీ 12ఏఎక్స్7, 6వీ6 హీటర్ల (వాల్వును లోపల వేడిచేసే తీగల) వైరు ఊడిందనుకోండి, లేదా ఆ రెండు వాల్వులూ సాకెట్లో పెట్టకుండానే స్విచ్ వేశారనుకోండి, ఛార్జి లాగడానికి ఇంకేమీ ఉండదు. కొత్తగా కట్టే వాళ్ల ఆంప్‌లో సరిగ్గా ఇలాంటివే జరుగుతాయి. ‘జాగ్రత్తగా ఉంటాను లెండి’ అని అందరూ అంటారు.

టంకంచెయ్యి:
మీటర్‌ముల్లు గారు చెప్పిన ప్రమాదం నిజమే, ముగింపుతోనే నాకు పేచీ. నిలిచిన ఛార్జికి మందు ఒక్క రెసిస్టర్. మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కి అడ్డంగా 220 కిలో ఓమ్‌ల బ్లీడర్ (ఛార్జిని దించేసే రెసిస్టర్) శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. ఈ సర్క్యూట్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు 16, 8, 8, మొత్తం 32 మైక్రోఫారడ్లు. రెండూ గుణిస్తే ఏడు సెకన్లు. దానికి ఐదింతలు, అంటే 35 సెకన్లు ఆగితే 340 వోల్టులు రెండు మూడు వోల్టులకు దిగిపోతాయి. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి చూడకుండా లోపల చెయ్యి పెట్టకండి. రెసిస్టర్ సోల్డర్ కూడా ఊడొచ్చు కదా.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు లైనులో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టుకోండి. ఎల్‌ఈడీ పనికిరాదు. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి వెలిగి మసకబడుతుంది. షార్ట్ ఉంటే వెలుగు తగ్గదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బతికిపోతుంది. మీటర్ నల్ల వైరును క్లిప్‌తో ఛాసిస్‌కి (ఆంప్ లోహపు చట్రానికి) తగిలించి, ఎర్రది ఒక్క చేత్తో పట్టుకోవాలి, రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఈ మూడు అలవాట్లు పట్టుబడితే పెడళ్లు కట్టిన మనిషికి చాంప్ అందని పనేం కాదు.

రాత్రిరిఫ్:
మీరిద్దరూ షాక్ గురించే కొట్టుకుంటున్నారు. అసలు వాయించేది ఎప్పుడు, ఎక్కడ? ‘ఐదు వాట్లు, ఇంట్లోకి సరిపోతుంది’ అనే మాట ఎవరు పుట్టించారో కానీ జనం గుడ్డిగా నమ్ముతున్నారు. గిటార్ స్పీకర్ ఒక వాట్‌కి మీటరు దూరంలో 95 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం, ఇది పెద్ద అంకేమీ కాదు. ఐదు వాట్లకు మరో 7 కలిపితే 102. యాభై వాట్ల ఆంప్ దీనికంటే 10 డెసిబెల్సే ఎక్కువ, చెవికి దాదాపు రెట్టింపు అంతే. పదో వంతు వాట్లు అంటే పదో వంతు చప్పుడు అనుకుంటే బోల్తా పడతారు. అమెరికాలో పనిచేసేచోట ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ లెక్కలో 100 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు పావుగంటకు మించి వినకూడదు.

చాంప్‌ది అసలైన సొగసు వాల్యూమ్ సగం దాటాకే బయటపడుతుంది. మాస్టర్ వాల్యూమ్ (గరుకు ఉంచి చప్పుడు మాత్రం తగ్గించే నాబ్) లేదు, హెడ్‌ఫోన్ జాక్ లేదు. పక్కగదిలో చంటిబిడ్డ నిద్రపోతుంటే ఏం చేస్తారు? వాల్యూమ్ రెండు మీద పెట్టుకుని వాయించడానికి ఇంత తంటా అక్కర్లేదు.

ఆరోతీగ:
చప్పుడు సంగతి నాకు ఇబ్బంది కాదు అన్నా, పగలు వాయించుకునే వీలుంది. హెడ్‌ఫోన్స్‌కి వేరే ఏర్పాటు ఉంది. నా అనుమానమల్లా ఒకటే: బొమ్మ చూసి సోల్డర్ చేసేయగలను, మోగకపోతే ఏం చెయ్యాలి?

మీటర్‌ముల్లు:
అదీ అసలు ప్రశ్న. బొమ్మ చూసి కట్టడం వేరు, సర్క్యూట్ చదివి కట్టడం వేరు. మొదటిది ఎవరైనా చేస్తారు. మోగనప్పుడు 300 వోల్టులు పారుతున్న ఛాసిస్ తిరగేసి వెతకాల్సి వస్తుంది, టెన్షన్ పడే చెయ్యి అక్కడే జారుతుంది.

టంకంచెయ్యి:
అందుకే కదా ఇంత చిన్న సర్క్యూట్‌తో మొదలుపెట్టమంటున్నది! ఒక ఉదాహరణ చెప్తాను. మా మిత్రుడు ఇదే కిట్ కట్టాడు. స్విచ్ వేసి వాల్వులు వేడెక్కగానే చెవులు చిల్లులు పడేలా కీచుమంది. వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆగలేదు. ఆపేసి, ఛార్జి దిగాక చూశాం. ఈ సర్క్యూట్‌లో స్పీకర్ దగ్గర్నుంచి వెనక్కి, 12ఏఎక్స్7 రెండో సగం (ఒకే గాజులో రెండు వాల్వులుంటాయి) కాథోడ్‌కి 22 కిలో ఓమ్‌ల గుండా నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌లో కొంత తిరగబడి, వస్తుంది. ఆ రెసిస్టర్ ఒక కొస ఊడదీసి మళ్లీ స్విచ్ వేస్తే కీచు మాయం. అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజు తిరగబడి, నెగటివ్ కావాల్సింది పాజిటివ్ అయింది. ప్రైమరీ వైపు (వాల్వు నుంచి వచ్చే వైపు) రెండు వైర్లు అటుదిటు మార్చి, ఆ కొస మళ్లీ అతికిస్తే సరిపోయింది. కరెంటు ఉండగా లోపల ఒక్క చోట కూడా ముట్టుకోలేదు.

6వీ6 మీద మోయలేనంత భారం పడుతోందా అని ఇంకో లెక్క కూడా అక్కడే చేశాం. 6వీ6 కాథోడ్ దగ్గర 19 వోల్టులు, కింద రెసిస్టర్ 470 ఓమ్‌లు: 40 మిల్లీ ఆంపియర్లు. వాల్వు లోపలి స్క్రీన్ అనే భాగం వాటా తీసేస్తే ప్లేటుకి 38 అనుకోండి. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 306 వోల్టులు. గుణిస్తే పదకొండున్నర వాట్ల పైచిలుకు. పాత డేటాషీట్ ఈ వాల్వుకి ఇచ్చే పరిమితి 12. అంచున ఉంది, కానీ లోపలే ఉంది. వోల్టేజి ఇంకా ఎక్కువొచ్చి ఉంటే ఆ 470 తీసి 560 వేసేవాళ్లం. బయాస్ (వాయించకపోయినా వాల్వులో పారే కరెంటు) సర్దడానికి వేరే నాబ్ ఏమీ లేదు, ఇంతే పని. ఇవన్నీ తెలుసుకోవడానికే కిట్. మంచి సౌండ్ చవగ్గా వస్తుందని ఎవరైనా కిట్ కడుతుంటే మాత్రం నేనూ వద్దనే అంటాను.

పాతవాల్వురేడియో:
వాదన సంగతి మీరు చూసుకోండి, నేను రెండు ముక్కలు చెప్పి పోతాను. సాకెట్ పిన్నుల లెక్క కింది వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కులో వేయాలి. పై నుంచి లెక్కేసి కట్టిన ఆంప్‌లు బాగు చేసి చేసి విసుగొచ్చింది. హీటర్ల 6.3 వోల్టుల వైర్లు బిగుతుగా మెలేసి, గ్రిడ్ వైర్లకు (వాల్వులోకి సిగ్నల్ తెచ్చేవాటికి) దూరంగా మూల వెంట తీసుకెళ్లండి. 50 హెర్ట్జ్ కరెంటులో లోతుగా బుయ్‌మంటే హీటర్లను అనుమానించండి. దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ గరగర అయితే ఫిల్టర్ కెపాసిటర్లు లేదా ఎర్త్ వైరింగ్. స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

రాత్రిరిఫ్:
సౌండ్ గురించి ఎవరూ మాట్లాడరేం? వాల్వులో ఏదో మాయ ఉందని నమ్మించే బ్యాచ్ ఈ చర్చలోకి రాకముందే అంటున్నా: రికార్డింగ్ వినిపించి ఏది వాల్వు, ఏది మోడలింగ్ అని అడిగితే ఈ రోజుల్లో చాలామంది తేల్చలేరు.

టంకంచెయ్యి:
రికార్డింగ్‌లో తేల్చలేకపోవచ్చు, ఒప్పుకుంటా. వాయించేవాడికి తేడా వేళ్ల కింద ఉంటుంది. ఆంప్ వాల్యూమ్ పెంచి పెట్టి, గిటార్ నాబ్‌ను పది నుంచి ఆరుకి దించితే మోత తేటపడుతుంది, తీగను గట్టిగా మీటితే మళ్లీ గరుకొస్తుంది. ఒకే 6వీ6 సింగిల్ ఎండెడ్‌గా (జంట వాల్వు లేకుండా) నడుస్తుంది కాబట్టి రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ) బాగా వినపడుతుంది. అయితే కిట్ కట్టినవాళ్లు ఖరీదైన కెపాసిటర్లు మార్చి ‘ఆహా’ అనడం చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎనిమిది అంగుళాల స్పీకర్ తీసి పది అంగుళాలది పెట్టి చూడండి, తేడా అంటే ఏంటో తెలుస్తుంది.

మీటర్‌ముల్లు:
స్పీకర్ విషయంలో నూటికి నూరుపాళ్లు మీతోనే. ఆంప్ విషయంలో కొంచెం దిగుతున్నాను, పూర్తిగా కాదు. ఆరోతీగ, మీరు కొనే కిట్‌లో రెండు చూడండి. సర్క్యూట్ డయాగ్రమ్ ఇస్తున్నారా, లేక వైర్లు గీసిన లేఅవుట్ బొమ్మ మాత్రమేనా? ఏ పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు రావాలో పట్టిక ఉందా? ఆ పట్టిక లేని కిట్ కొత్తవాళ్ల కోసం కాదు, ఎంత అందమైన డబ్బా ఇచ్చినా సరే. రెండూ ఉంటే, పక్కన విషయం తెలిసిన మనిషి ఒకరు కూర్చుంటే, మొదటిసారి స్విచ్ వేయండి. ఒంటరిగా, రాత్రి పదకొండుకి, నిద్రమత్తులో మాత్రం వద్దు.

ఆరోతీగ:
చూశాను. డయాగ్రమ్ ఉంది, వోల్టేజి పట్టిక కూడా ఉంది. బ్లీడర్ మాత్రం వాళ్ల పార్టుల్లో లేదు, నేనే కలుపుకోవాలి. అది పెడితే హమ్ (బుయ్‌మనే మోత) పెరుగుతుందా? ఎన్ని వాట్లది కొనాలి?

మీటర్‌ముల్లు:
పెరగదు. 340 వోల్టులకు అది లాగేది ఒకటిన్నర మిల్లీ ఆంపియర్, ఆంప్‌కి తెలియను కూడా తెలియదు. వేడి అర వాటు కాస్త దాటుతుంది కాబట్టి అర వాటుది పనికిరాదు, దాని వోల్టేజి రేటింగూ చాలదు. రెండు వాట్లది తీసుకుని, రేటింగ్ 500 వోల్టులు ఉందో లేదో చూసుకోండి. కెపాసిటర్ ఒంటికి ఆనకుండా కాస్త ఎత్తులో సోల్డర్ చేయండి.