అప్‌డేట్: హాస్టల్ ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి

మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ హాస్టల్ పిల్లలు ఫీడ్‌బ్యాక్ ఫారంలో అన్నింటికీ ‘బాగుంది’ అని టిక్ కొట్టేస్తున్నారు, నిజం ఎలా రాబట్టాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు హాల్ టికెట్ నంబరు గడి తీసేశాం. సగం భయం అక్కడే పోయింది. "మెస్‌లో రుచి, శుభ్రత ఎలా ఉన్నాయి?" అనే ప్రశ్నను రెండుగా విడగొట్టాం. రుచికి మార్కులు పడ్డాయి, శుభ్రతకు చీవాట్లు!

కాలేజీల నాణ్యతను అంచనా వేసే నాక్ (NAAC) వాళ్ల విద్యార్థి సంతృప్తి సర్వేలో 20 ప్రశ్నలకు ఆప్షన్లుంటాయి, 21వది సొంత మాటల్లో రాయాలి. అదే పద్ధతిలో చివర ఖాళీ వదిలాం. "పప్పుచారులో పప్పును వెతుక్కోవాలె సార్" అని ఎవరో రాశారు.

వార్డెన్ లేకుండా కొందరిని కూర్చోబెట్టి మాట్లాడితే బాత్రూం లైట్ల గొడవ బయటపడింది. ఫారంలో ఆ ప్రశ్నే లేదు మరి. లైట్లు వేయించి, వాళ్లేం చెప్పారో మేమేం మార్చామో నోటీసు బోర్డులో పెట్టాం. ప్రిన్సిపాల్ గారు మాత్రం ఇంకా సగటు మార్కే అడుగుతున్నారు.